అక్టోబరు ఎండల్లో సంపు కడిగించే ముందు జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే అక్టోబరులో వానలు మొహం చాటేసి ఎండ మాడ్చుతుంటే, హైదరాబాద్ నేల కింది గ్రానైటు రాతి పగుళ్లలో నీరు అడుగంటి బోర్లు గాలి కక్కుతాయి కనుక, ట్యాంకరు పిలిచే ముందే సంపు కడిగించుకోవడం మేలు.

మొదట మోటారుకు కరెంటు సరఫరా పూర్తిగా ఆపాలి. మూతలన్నీ చాలాసేపు ముందే తెరిచి గాలి ఆడనివ్వాలి. అడుగున బురద నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే ఎవరినీ లోపలికి దింపకూడదు. దీపం ఆరకపోతే ప్రమాదం లేదన్న పాత నమ్మకం తప్పు, విషవాయువు ఉన్నా దీపం వెలగవచ్చు. దిగే మనిషి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడాలి. లోపల ఎవరైనా పడిపోతే కాపాడబోయి వెంటనే దిగినవారూ ప్రాణాలు పోగొట్టుకుంటారు.

పనిని ఉదయమే ముగించాలి. ఎండదెబ్బ తగిలి ఎవరికైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే నీడలో పడుకోబెట్టి, నీళ్లతో తడుపుతూ 108కు ఫోను చేయాలి. బ్లీచింగు పొడిని మనిషి పైకి వచ్చాకే వేయాలి.