ఆర్‌పీసీకి హై వోల్టేజ్ ఇచ్చే ముందు

రెండు గాజు పలకలు, మధ్యలో 2 మిల్లీమీటర్ల సందు, అందులో గ్యాస్, దాని మీద దాదాపు 10 వేల వోల్టులు. ఐఎన్‌ఓ (ఇండియా-బేస్డ్ న్యూట్రినో అబ్జర్వేటరీ) కోసం మన దేశంలో తయారుచేసిన రెసిస్టివ్ ప్లేట్ ఛాంబర్ (ఆర్‌పీసీ) ఇదే. విద్యుదావేశమున్న కణాలు దూసుకెళ్తే పసిగట్టే పరికరం. స్విచ్ వేసేముందు ఇవి చూసుకోండి.

- ముందు గ్యాస్. ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మిశ్రమం: ఆర్134ఏ (ఫ్రిజ్‌లలో వాడే రకం గ్యాస్) 95.2 శాతం, ఐసోబ్యూటేన్ 4.5, ఎస్‌ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్) 0.3. ఐసోబ్యూటేన్ మండుతుంది, పైగా గాలికంటే బరువు. లీకైతే నేలమట్టంలో పేరుకుంటుంది కాబట్టి సెన్సర్‌ను కిందే పెట్టండి. సిలిండర్‌ను గొలుసుతో కట్టారా?
- లీక్ పరీక్షకు ఛాంబర్‌లో ఒత్తిడి కొద్దిగానే పెంచి, మానోమీటర్‌లో (ఒత్తిడి కొలిచే నీటి గొట్టంలో) నీటిమట్టం నిలుస్తుందో లేదో చూడండి. ఒత్తిడి ఎక్కువైతే రెండు గాజు పలకల మధ్య సందు నిలపడానికి అతికించిన బటన్లు ఊడిపోతాయి. చేతులతో అతికించినవాళ్లకు ఆ బాధ తెలుసు.
- లోపలి గాలి మొత్తం పోయేదాకా గ్యాస్ పంపండి. తేమ మిగిలితే డిశ్చార్జిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి గాజును తినేస్తుంది.
- ఎర్త్ కలిపారా? చేతికి ఉంగరం, గడియారం తీసేశారా? పక్కన ఇంకొకరు లేకుండా మొదలుపెట్టవద్దు.
- వోల్టేజ్ మెల్లగా, మెట్లుమెట్లుగా పెంచండి. ప్రతి మెట్టు దగ్గరా కరెంట్ నిలకడగా ఉందో లేదో చూడండి. ఒక్కసారిగా ఎగిరితే టెన్షన్ పడకుండా తగ్గించండి.
- ట్రిగ్గర్ సింటిలేటర్ల (కణం తగిలితే మెరిసి, అది వచ్చిందని చెప్పే పలకల) మీది నల్ల టేపును టార్చితో తనిఖీ చేయండి, అదీ ఫోటోమల్టిప్లయర్ (ఆ మెరుపును పట్టే గొట్టం) ఆపి ఉన్నప్పుడే. సముద్రమట్టంలో చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యువాన్ (కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే కణం) వస్తుంది. లెక్క అంతకు మించి పోతుంటే ముందు వెలుతురు దూరుతోందేమో వెతకండి.