టేకు చేపను గుర్తుపట్టడం - 4వ పాఠం: చుక్క కన్నా ముందు వీపు రంగు

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. టేకంటే పళ్లెంలా చదునుగా, కొరడాలాంటి తోకతో ఉండే చేప. చుక్కలు కనిపించిన ప్రతి టేకుకూ హిమంటూరా ఉయార్నాక్ అనే జాతి పేరే రాశారు. తప్పు నాది. చుక్కలు చూడమన్నాను కానీ, ఏ రంగు మీద ఏ రంగు చుక్కలో చెప్పలేదు. ఈసారి ముందు ఇదే తేల్చుకుందాం.

జొన్నరొట్టెను తలచుకోండి. లేత రంగు మీద కాలిన నల్లమచ్చలు. ఉయార్నాక్ వీపు అట్లుంటుంది. ఇప్పుడు నువ్వులద్దిన అరిసె. బెల్లం రంగు మీద తెల్లటి గింజలు. అది మాకులాబాటిస్ గెరార్డి అనే ఇంకో జాతి. ఒకసారి ఇట్లా పోల్చుకున్నారంటే మళ్లీ పొరపడరు.

చుక్క సైజు కొలిచి పేరు పెట్టడం నాకు అసలు నచ్చదు. ఉయార్నాక్ పిల్లకు చుక్కలు పెద్దవి, ఎడంగా ఉంటాయి. పెరిగేకొద్దీ చిన్నవై, దగ్గరై, వల అల్లినట్టు కలిసిపోతాయి. సైజు చూస్తే ఒకే జాతికి రెండు పేర్లు పెట్టేస్తాం. తోక మీది నలుపు తెలుపు పట్టీలనూ నమ్ముకోకండి, అవి రెండింటికీ ఉంటాయి. పాత పుస్తకాల్లో గెరార్డి కూడా హిమంటూరాలోనే ఉంటుంది. 2016లో దాన్ని వేరే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల ఇంకో గుంపులో పెట్టారు, కంగారు పడొద్దు.

నేనైతే ముందు తోక అడుగునే చూస్తాను. పై రెండింటికీ అక్కడ చర్మపు మడత ఉండదు. జెండాలా వెడల్పుగా వేలాడే మడత ఉండి, వీపు మీద చుక్కల్లేకపోతే పాస్టినాకస్ అనే మరో టేకు ప్రజాతి అనుకోవచ్చు. తోక కోసేసిన టేకైతే ఆ ఆధారం పోయినట్టే. తోక ఉన్నదాన్ని మాత్రం, అది చచ్చిపోయి ఉన్నా సరే, చేత్తో పట్టుకోవద్దు, తోక ముల్లులో విషం అట్లే ఉంటుంది.

ఇక ఆవాసం. మన పాకాల, లక్నవరం చెరువుల్లో ఇవి దొరకవు. ఏటూరునాగారం దాటిపోయే గోదావరి సముద్రంలో కలిసేచోట, కోరంగి మడ అడవుల పక్కన ఉండే బురద, ఇసుక వీటికి కావాలి. నోరు కిందివైపు ఉంటుంది కాబట్టి, ఇసుకలో పూడుకున్నప్పుడు కళ్ల వెనకాల రంధ్రాలతో నీళ్లు పీలుస్తాయి.

అభ్యాసం: కాకినాడ రేవుకు వెళ్లగలిగినవాళ్లు తెల్లవారేసరికి అక్కడుండండి. ఐదు టేకులకు వీపు, పొట్ట, తోక అడుగు విడివిడిగా ఫొటో తీయండి. వీపు రంగు, చుక్క రంగు, మడత, ఈ మూడూ రాశాకే పేరు రాయండి. తోక లేనిదాని పక్కన ‘తోక లేదు’ అని తప్పకుండా రాయండి.