అరవైల నాటి యూరప్ భయానక చిత్రాలను ఆస్వాదించడం ఎలా?

ఇంగ్లండులో హామర్ సంస్థ 1958లో తీసిన డ్రాకులా చిత్రం ఇటలీలో బాగా ఆడింది. ఆ డబ్బు చూశాక రోము నిర్మాతలకు ధైర్యం వచ్చింది. తర్వాతి పదేళ్లలో రోము, పారిస్, మాడ్రిడ్, పశ్చిమ బెర్లిన్, ప్రేగ్, మాస్కోలలో దయ్యాల కథలు, ముసుగు హంతకుల కథలు ఒకదాని వెంట ఒకటి తెరకెక్కాయి. చాలావాటికి పెట్టుబడి తక్కువ, గడువు ఇంకా తక్కువ. దేశం దాటినప్పుడల్లా పేరు మారింది, సంగీతం మారింది, నచ్చని దృశ్యాలు కత్తెరకు పోయాయి. ఇప్పుడు పాత నెగెటివ్‌లను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నారు కాబట్టి, వీటిని చూడటానికి ఇంతకంటే మంచి కాలం లేదు.

అయినా మొదటిసారి చూసినవారిలో చాలామంది పెదవి విరుస్తారు. నేను గమనించినంతవరకు దానికి కారణాలు రెండు: చేతికి దొరికింది పాడైన ప్రింటు కావడం, కథలో మలుపుల కోసం మాత్రమే ఎదురుచూడటం. ఈ రెండింటినీ సరిదిద్దుకుంటే మిగతాది సులువు.

మొదటి అడుగు: మూడు చిత్రాలతో మొదలుపెట్టండి

కనబడిన చిత్రమల్లా చూడకండి. ఈ కోవలో నాసిరకం సరుకు కూడా చాలా ఉంది. అది ముందే ఎదురైతే మళ్లీ ఇటువైపు రాబుద్ధి కాదు. మారియో బావా దర్శకత్వం వహించిన ‘బ్లాక్ సండే’ (1960), జార్జ్ ఫ్రాంజు తీసిన ‘ఐస్ వితౌట్ ఎ ఫేస్’ (1960), మళ్లీ బావాదే ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ (1964) ఇదే వరుసలో చూడండి.

మొదటిది పాతకోట, మంత్రగత్తె, శాపం ఉన్న నలుపు తెలుపు గాథ. బార్బరా స్టీల్ ఇందులో మంత్రగత్తెగానూ, ఆమె వంశంలో పుట్టిన రాకుమారిగానూ రెండు పాత్రలు వేసింది. దీన్ని బ్రిటన్‌లో 1968 దాకా చూపనివ్వలేదు. రెండోది ఫ్రెంచి చిత్రం. ప్రమాదంలో ముఖం పోగొట్టుకున్న కూతురి కోసం ఇతర యువతుల ముఖాలు దొంగిలించే శస్త్రవైద్యుడి కథ. రక్తం ఎక్కువైతే ఫ్రెంచి సెన్సారు, జంతువులను హింసిస్తే ఇంగ్లండు, పిచ్చి శాస్త్రవేత్తను చూపిస్తే జర్మనీ ఒప్పుకోవని నిర్మాత తనను ముందే హెచ్చరించాడని ఫ్రాంజు చెప్పేవాడు. కథలో మాత్రం ఆ మూడూ ఉన్నాయి! మూడోది రోములోని ఒక ఫ్యాషన్ సంస్థలో జరిగే హత్యల పరంపర. ‘జాల్లో’ అనే ఇటాలియన్ హత్యాచిత్రాల రూపురేఖలు చాలావరకు ఇక్కడే స్థిరపడ్డాయి: నల్ల తొడుగుల చేతులు, ముఖం కనబడని హంతకుడు, కళ్లు చెదిరే రంగులు.

రెండో అడుగు: సరైన ప్రింటు సంపాదించండి

ఈ పని విసుగనిపించినా వదిలేయకండి. బావా 1963లో తీసిన ‘బ్లాక్ సబ్బత్’ సంగతి చూడండి. అందులో మూడు విడి కథలు. ఇటలీ ప్రతిలో ముందు టెలిఫోన్ కథ, తర్వాత రక్తపిశాచి కుటుంబం కథ, చివర నీటిచుక్క కథ వస్తాయి. అమెరికా పంపిణీదారులు ఆ వరుసను తారుమారు చేశారు, సంగీతం మార్చేశారు. ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమ ఉన్న టెలిఫోన్ కథలో ఆ సంబంధాన్ని చెరిపేసి, డబ్బింగ్ మాటల సాయంతో దాన్ని దయ్యం కథగా మార్చారు. ఇటలీ ప్రతి చివర ఉన్న ఒక అందమైన చమత్కారాన్ని పూర్తిగా తీసేశారు. అమెరికా ప్రతి చూసి బావాను అంచనా వేస్తే అన్యాయమే. అయితే ఒక చిక్కుంది. మధ్య కథలో నటించిన ఇంగ్లీషు భయానక చిత్రాల నటుడు బోరిస్ కార్లాఫ్ సొంత గొంతు వినిపించేది ఇంగ్లీషు ప్రతిలోనే. నా సలహా: మొదటిసారి ఇటలీ ప్రతి చూడండి. నచ్చితే కార్లాఫ్ గొంతు కోసం రెండోది కూడా చూడండి, ఆ గొంతుకు ఆ శ్రమ తగినదే.

ప్రింటు ఎంచుకునే ముందు నాలుగు విషయాలు సరిచూసుకోవాలి. మొదటిది నిడివి. ఒకే చిత్రం రెండుచోట్ల పది నిమిషాల తేడాతో కనబడితే పొట్టిదాన్ని అనుమానించండి. రెండోది పేరు. ‘ఐస్ వితౌట్ ఎ ఫేస్’ అమెరికాలో ‘ది హారర్ ఛాంబర్ ఆఫ్ డాక్టర్ ఫాస్టస్’ అనే పేరుతో, కోతలతో, డబ్బింగ్‌తో విడుదలైంది. వెతికేటప్పుడు మూలభాషలోని పేరు కూడా రాసి పెట్టుకోండి. మూడోది దర్శకుడి పేరు. విదేశీ చిత్రమనిపిస్తే జనం వస్తారని ఇటలీవారు ఇంగ్లీషు మారుపేర్లు పెట్టుకునేవారు. రాబర్ట్ హాంప్టన్ అని కనబడితే అతను రిక్కార్డో ఫ్రెడా. జాన్ ఎం. ఓల్డ్ అంటే బావా. ఆంథొని డాసన్ అంటే ఆంటోనియో మార్గెరిటి.

నాలుగోది డిస్కు కొనేవారికి. ఈ చిత్రాల మంచి ప్రతులు క్రైటీరియన్, యారో, సెకండ్ రన్ వంటి సంస్థల బ్లూరేలలో దొరుకుతాయి. అమెరికా డిస్కులది ఎ ప్రాంతం, బ్రిటన్‌వి బి, మన దేశానిది సి. డిస్కుకు ప్రాంతపు తాళం ఉంటే ఇక్కడి మామూలు ప్లేయరులో ఆడదు. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే ప్లేయరు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు పెట్టండి. అమెరికాలో ఉన్న తెలుగువారికి కూడా బ్రిటన్ డిస్కుల విషయంలో ఇదే ఇబ్బంది ఉంటుంది.

మూడో అడుగు: ఏ భాషలో వినాలో తేల్చుకోండి

ఫ్రెంచి, చెక్, రష్యన్, జర్మన్ చిత్రాలకు సందేహం అక్కరలేదు. మూలభాషలో, సబ్‌టైటిళ్లతో చూడాలి. ఇటాలియన్ చిత్రాల దగ్గరే పేచీ. ఆ రోజుల్లో రోములో చిత్రీకరణ సమయంలో ధ్వనిని ఖాయంగా రికార్డు చేసేవారు కాదు. సెట్‌లో ఒకరు ఇంగ్లీషులో, ఒకరు ఇటాలియన్‌లో, ఇంకొకరు జర్మన్‌లో మాట్లాడేవారు. తర్వాత అన్ని గొంతులూ స్టూడియోలో పోసేవారు. బార్బరా స్టీల్ ఎన్నో ఇటాలియన్ చిత్రాల్లో నటించినా, చాలావాటిలో మనం వినేది ఆమె గొంతు కాదు. కాబట్టి పెదవుల కదలికకు మాట అతకలేదని బాధపడటం అనవసరం, ఏ భాషలో చూసినా ఎవరో ఒకరికి అతకదు. ఇటాలియన్ డబ్బింగ్‌లో నటన సాధారణంగా మెరుగ్గా ఉంటుంది కాబట్టి నేను దానికే ఓటు వేస్తాను.

నాలుగో అడుగు: గది, తెర

దీపాలన్నీ ఆర్పండి. బావా చిత్రాల్లో నీడలే సగం కథ చెబుతాయి. పక్కన ట్యూబులైటు వెలుగుతుంటే అవి బూడిదరంగు మరకల్లా కనిపిస్తాయి. టీవీలో కదలికలను నున్నగా చేసే సదుపాయం ఉంటే తీసేయండి, రంగులు పెంచే సదుపాయాన్ని కూడా. అప్పటి యూరప్ చిత్రాల్లో చాలావాటి తెర కొలత 1.66:1. అందువల్ల ఈనాటి టీవీలో రెండు పక్కలా సన్నటి నల్లపట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టాలని బొమ్మను సాగదీయకండి. ఫోనులో మాత్రం చూడొద్దు.

ఐదో అడుగు: కథ వెంట పరుగెత్తకండి

హంతకుడు ఎవరు, ఆమె ఆ గదిలోకి ఒంటరిగా ఎందుకు వెళ్లింది, పోలీసులు ఇంత చేతకానివాళ్లా... ఇలాంటి ప్రశ్నలకు ఈ చిత్రాలు సరైన జవాబు ఇవ్వవు. వాటి దృష్టి అంతా వెలుగు ఎక్కడి నుంచి పడుతోంది, కెమెరా ఎంత నెమ్మదిగా కదులుతోంది, నిశ్శబ్దంలో ఏ చప్పుడు వినబడుతోంది అనేవాటి మీదే. మీ దృష్టి కూడా అక్కడే పెట్టండి.

ఉదాహరణకు ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ ఇటలీ ప్రతిలో పేర్లు పడే చోట ఆగి చూడండి. నటీనటులు ఒక్కొక్కరూ దుకాణంలోని బట్టల బొమ్మల పక్కన, బొమ్మల్లాగే కదలకుండా నిలబడతారు. ఒకరి మీద ఎర్రటి వెలుగు, ఇంకొకరి మీద ఆకుపచ్చ. ఈ కథలో మనుషులకూ బొమ్మలకూ తేడా లేదని ఒక్క మాట కూడా లేకుండా బావా అక్కడే చెప్పేశాడు. తర్వాత పాత సామాన్ల దుకాణంలో ఒక యువతి చిక్కుకునే ఘట్టం వస్తుంది. బయటి నుంచి పడే రంగుల వెలుగు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ప్రతిసారీ ఆరినప్పుడు ఆమె ఎక్కడుందో, హంతకుడెక్కడున్నాడో మనకూ తెలియదు. భయమంతా ఆ లయలోనే ఉంది.

బావా పని అర్థం కావాలంటే అతను ముందు ఛాయాగ్రాహకుడని గుర్తుంచుకోవాలి. ఫ్రెడా దర్శకత్వంలో, బావా కెమెరాతో 1957లో వచ్చిన ‘ఇ వాంపిరి’లో ఒక స్త్రీ ముఖం మన కళ్ల ముందే, ఒక్క షాట్‌లో, ఎడిటింగ్ లేకుండా ముసలిదైపోతుంది. దాని గుట్టు ఇది. ముఖం మీద ముడతలను ఎర్రరంగుతో గీస్తారు. ఎర్రటి వెలుగు వేస్తే ఆ గీతలు చర్మంలో కలిసిపోయి కనబడవు. వెలుగును మెల్లగా ఆకుపచ్చకో నీలానికో మారిస్తే అవే గీతలు నల్లగా తేలతాయి. నలుపు తెలుపు ఫిల్మ్ కాబట్టి దీపం రంగు మారిన సంగతి ప్రేక్షకుడికి తెలియదు. ‘బ్లాక్ సండే’లోనూ బావా ఇదే కిటుకు వాడాడు. అదే 1957లో ‘మాయాబజార్’ కోసం మార్కస్ బార్ట్‌లీ కెమెరాతోనే చేసిన మాయను మెచ్చుకునే మన ప్రేక్షకులకు ఈ పనితనం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఫ్రాంజు దారి వేరు. అతని చిత్రంలో శస్త్రచికిత్స ఘట్టం ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. అక్కడ కేకలు లేవు, సంగీతం లేదు. డాక్టరు ముందు పెన్సిలుతో ముఖం చుట్టూ గీత గీస్తాడు, తర్వాత ఆ గీత వెంటే కత్తి నడుపుతాడు. ఇంకొకవైపు, తెల్లటి ముసుగు వెనక, కూతురి పాత్ర వేసిన ఎడిత్ స్కోబ్ కళ్లు మాత్రమే కనబడతాయి. ఆ రెండు కళ్లతో, నడకతో ఆమె చేసిన నటన చూడటానికే ఈ చిత్రాన్ని మళ్లీ మళ్లీ పెట్టుకోవచ్చు. మోరిస్ జార్ ఇచ్చిన సంగీతంలో తిరునాళ్ల రంగులరాట్నం తిరిగేటప్పటి హుషారు ఉంది. ఘోరం మీద ఆ హుషారు పడినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. జాల్లో చిత్రాల్లో ఆడవాళ్ల హత్యలను అందంగా చూపించే ధోరణి ఉంది. బావా అంతటివాడి దగ్గరా అది ఇబ్బంది పెడుతుంది, ఇబ్బంది పడటమే సరైనది. మనసుకు పట్టకపోతే ఆపేసి పాతకోటలు, శాపాలు ఉండే గోథిక్ కథల వైపు వెళ్లండి. పిల్లలతో కలిసి చూసే చిత్రాలు మాత్రం ఇవి కావు.

ఆరో అడుగు: ఒకే కథను రెండు దేశాల్లో చూడండి

నాకు అన్నిటికంటే ఆనందం ఇచ్చిన పద్ధతి ఇది. రష్యన్ రచయిత గొగోల్ రాసిన ‘వియ్’ కథ బావాకు ‘బ్లాక్ సండే’ తీయడానికి ప్రేరణ. అదే కథను 1967లో మాస్‌ఫిల్మ్ సంస్థ దాదాపు ఉన్నదున్నట్టు తీసింది. కాన్‌స్టాంటిన్ యెర్షోవ్, గియోర్గీ క్రొపచ్యోవ్ దర్శకులు. చిత్రమాయలకు పేరు పొందిన అలెగ్జాండర్ ప్తుష్కో వాళ్లకు అండగా నిలిచాడు. మాస్కో నుంచి వచ్చిన తెలుగు అనువాదాలతో రష్యన్ కథలకు అలవాటుపడ్డ పాఠకులకు ఆ పల్లె, ఆ తాగుబోతు కోసక్కులు, ఆ బెదురు విద్యార్థి వెంటనే పరిచితులవుతారు.

చనిపోయిన యువతి శవం పక్కన మూడు రాత్రులు చర్చిలో ప్రార్థనలు చదవాలి. విద్యార్థి తన చుట్టూ సుద్దతో గిరి గీసుకుంటాడు. శవం లేచి నిలబడి, గాలిలో చేతులతో తడుముతూ ఆ గిరి అంచు వెతుకుతుంది. గిరి లోపలి మనిషి ఆమెకు కనబడడు. గిరి చుట్టూ కెమెరా తిరుగుతుంటే మనకూ కళ్లు తిరుగుతాయి. మూడో రాత్రి ఏం జరుగుతుందో నేను చెప్పను. ఒకరోజు దీన్నీ, మర్నాడు ‘బ్లాక్ సండే’నూ చూడండి. ఒకే విత్తనం నుంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు. రష్యన్ చిత్రం జానపదంగా, రంగులతో, నవ్వుతూ భయపెడితే, ఇటాలియన్ చిత్రంలో మంచు, శిథిలం, తీరని కోరిక తప్ప ఇంకేమీ మిగలలేదు. మాస్‌ఫిల్మ్ తన పాత చిత్రాలెన్నిటినో యూట్యూబ్‌లో ఉచితంగా ఉంచింది, అక్కడ వెతకండి.

ఏడో అడుగు: అక్కడి నుంచి కొమ్మలు పట్టుకుని వెళ్లండి

సరదాగా సాగేవి కావాలంటే పశ్చిమ జర్మనీ. ఇంగ్లీషు రచయిత ఎడ్గార్ వాలెస్ కథల మీద రియాల్టో సంస్థ 1959 నుంచి వరుసగా చిత్రాలు తీసింది. కథ లండన్‌లో, షూటింగ్ ఎక్కువగా జర్మనీలో, నడుమ బోలెడు పొగమంచు. ఆల్‌ఫ్రెడ్ ఫోరర్ తీసిన ‘డెడ్ ఐస్ ఆఫ్ లండన్’ (1961)తో మొదలుపెట్టి, నటుడు క్లౌస్ కిన్‌స్కీ ఎక్కడ ప్రత్యక్షమవుతాడో కాచుకుని చూడండి. స్పెయిన్‌లో జెస్ ఫ్రాంకో తీసిన ‘ది ఆఫుల్ డాక్టర్ ఓర్లాఫ్’ (1962) కూడా కూతురి ముఖం కోసం హత్యలు చేయించే వైద్యుడి కథే కాబట్టి ఫ్రాంజు చిత్రం చూశాకే పెట్టుకోండి.

గుండె దిటవు చేసుకుని చూడాల్సింది యురాయ్ హెర్జ్ తీసిన చెక్ చిత్రం ‘ది క్రిమేటర్’. 1969లో విడుదలై, తర్వాత తెరల నుంచి తప్పించిన ఈ చిత్రం కమ్యూనిస్టు పాలనను కూల్చిన 1989 విప్లవం దాకా మళ్లీ వెలుగు చూడలేదు. 1930ల చివర ప్రేగ్‌లో శవదహనశాలలో పనిచేసే మర్యాదస్తుడు, నాజీల మాటలు చెవికెక్కుతున్నకొద్దీ ఏమవుతాడన్నది కథ. శవానికి తల దువ్విన దువ్వెనతోనే అతను తన తలా దువ్వుకుంటాడు. మెత్తటి గొంతుతో అతను మాట్లాడుతూనే ఉంటాడు, దృశ్యం మాత్రం ఎప్పుడు మారిపోయిందో మనకు తెలియదు. ఒకచోట మొదలైన వాక్యం ఇంకెక్కడో పూర్తవుతుంది. దయ్యం ఒక్కటీ లేని ఈ చిత్రమే నా లెక్కలో ఆ దశాబ్దపు భయానక చిత్రాలన్నిటిలోకీ గొప్పది. ఒంటరిగా కాక, తర్వాత మాట్లాడుకోవడానికి ఎవరైనా తోడున్నప్పుడు చూడండి.

ఇక బావా దగ్గరికే తిరిగి వస్తే, ‘కిల్, బేబీ... కిల్!’ (1966)లో తెల్లగౌను వేసుకుని బంతితో ఆడుకునే దయ్యపు పాప ఉంది. ఆ పాత్ర వేసింది ఒక అబ్బాయి. రెండేళ్ల తర్వాత ఇటలీ దర్శకుడు ఫెల్లినీ ‘స్పిరిట్స్ ఆఫ్ ది డెడ్’లో తీసిన భాగంలోనూ అలాంటి పాపే, అలాంటి బంతే కనిపిస్తాయి. ఈ రెండూ వరుసగా పెట్టుకోండి, ముందు బావాది.