తిరుపతిలో రెండు కుటుంబాలకు ఒకే అద్దిల్లు: సమస్యలు - పరిష్కారాలు

తోడల్లుళ్ళో, ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళో కలిసి తిరుపతిలో రెండు మూడు రోజులకు ఇల్లు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. అలిపిరి రోడ్డులోనో తిరుచానూరు వైపో మూడు పడగ్గదుల ఇల్లు దొరికితే లాడ్జి గదులకన్నా సుఖమే. వంట చేసుకోవచ్చు, పెద్దవాళ్ళు నడుం వాల్చవచ్చు. మాట పట్టింపులు వచ్చేది మాత్రం ముందు మాట్లాడుకోకుండా వదిలేసిన లెక్కల దగ్గరే. ఎక్కడెక్కడ వస్తాయో, ఏం చేస్తే సర్దుకుంటాయో చూద్దాం.

"అద్దె చెరి సగం అన్నారు, మాకేమో ఏసీ లేని గది వచ్చింది"

కారణం: సగం అన్న మాటలో మనుషుల సంఖ్యా లేదు, గదుల తేడా లేదు. ముందొచ్చినవాళ్ళు మంచి గదిలో బ్యాగులు పెట్టేస్తారు. తర్వాత వచ్చినవాళ్ళు నోరు తెరిచి అడగలేరు.

పరిష్కారం: అద్దెను రెండు భాగాలు చేయండి. ఒక భాగం తలల లెక్కన, రెండోది గదుల లెక్కన. ఉదాహరణకు రెండు రాత్రులకు అద్దె 9,000 అనుకుందాం. మొదటి కుటుంబంలో భార్యాభర్తలు, 14 ఏళ్ళ అబ్బాయి, 8 ఏళ్ళ పాప. రెండో కుటుంబంలో భార్యాభర్తలు, అవ్వ, తాత, 3 ఏళ్ళ బిడ్డ. అయిదేళ్ళలోపు వాళ్ళకు లెక్క లేదు, 5 నుంచి 12 దాకా సగం తల. అంటే మొదటివాళ్ళు మూడున్నర, రెండోవాళ్ళు నాలుగు, మొత్తం ఏడున్నర తలలు. 4,500ను ఏడున్నరతో భాగిస్తే తలకు 600. మొదటివాళ్ళకు 2,100, రెండోవాళ్ళకు 2,400.

మిగతా 4,500 గదుల మీద. బాత్రూమ్ కలిసి ఉన్న ఏసీ గదికి 2,000, ఉత్త ఏసీ గదికి 1,500, ఏసీ లేనిదానికి 1,000. రాత్రి రెండుసార్లు లేచే తాతకు బాత్రూమ్ ఉన్న గదే కావాలి. అందులో బేరం వద్దు. ఆ గదీ, ఏసీ లేనిదీ రెండోవాళ్ళు తీసుకుంటే వాళ్ళ మొత్తం 5,400, మొదటివాళ్ళది 3,600. సగం సగం అనుంటే మొదటివాళ్ళు నలుగురూ ఒకే గదిలో సర్దుకుంటూ 900 ఎక్కువ కట్టేవాళ్ళు.

ఒకే గది ఇద్దరికీ కావాలంటే దాని ధర వంద వంద పెంచుకుంటూ పోండి, ఎవరో ఒకరు "మాకొద్దులే అన్నా, మీరే తీసుకోండి" అనేదాకా. అక్కడ పెరిగినంతా మిగతా గదుల్లో తగ్గించాలి. ఇదంతా అడ్వాన్సు పంపకముందే ఫోన్లో తేల్చుకోవాలి. ఇంటి గుమ్మంలో, పిల్లల ముందు తేలే లెక్క కాదు.

"తెల్లవారుజామున చివర స్నానం చేసినవాళ్ళకు చన్నీళ్ళే"

తిరుపతిలో అద్దింటికి వచ్చే పెద్ద చిక్కు ఇదే. దర్శనం రోజు అందరూ ఒకే గంటలో తలంటుకుంటారు, గీజరు మాత్రం ఒక్కటే ఉంటుంది. 15 లీటర్ల గీజరు 60 డిగ్రీలకు కాగితే, చన్నీళ్ళు కలుపుకున్నాక సుమారు 40 లీటర్లు వస్తాయి. అంటే పెద్ద బకెట్లు రెండు. మళ్ళీ కాగడానికి 2,000 వాట్ల గీజరుకు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. ఎనిమిది మంది స్నానం చేయాలంటే మనిషికి ఒక బకెట్టు చొప్పున నాలుగు విడతలు, దాదాపు గంటా ముప్పావు. ఎవరైనా షవరు కింద నిలబడితే ఒక్కరితోనే ఒక విడత ఖాళీ.

ఆరింటికి బయల్దేరాలంటే నాలుగు కాకముందే గీజరు వేయాలి. షవరు మానేసి బకెట్టు, మగ్గు వాడండి. మొదటి కాపు నీళ్ళు మూతలున్న బకెట్లలో పట్టి, వెంటనే రెండో కాపుకు వదలండి. గ్యాసు పొయ్యి మీద పెద్ద గిన్నె పెడితే ఇంకో బకెట్టు కలిసొస్తుంది. రెండు కుటుంబాలూ ఒకరి తర్వాత ఒకరుగా కలిపి వరస రాయండి: ముందు చీర కట్టుకోవడానికి, జడ వేసుకోవడానికి టైము పట్టేవాళ్ళు, తర్వాత ముసలివాళ్ళు, చివర మగవాళ్ళు. "మా వాళ్ళంతా అయ్యాక మీరు" అంటేనే పొరపొచ్చాలు మొదలు.

హీటర్ రాడ్ పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. 1,500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫోను చార్జింగుకు పెట్టే చిన్న సాకెట్‌లో పెడితే అది కాలి నల్లబడుతుంది, ఓనరు డిపాజిట్‌లో కోసుకుంటాడు. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ ఉంటేనే పెట్టండి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్ళలో చేయి పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో ఈ పని గ్యాసు పొయ్యికే వదిలేయడం మేలు.

కొండపైన గుండు చేయించుకుని అక్కడ స్నానం చేయకుండా వచ్చినవాళ్ళు ఉంటే మధ్యాహ్నమూ ఇదే రద్దీ.

"తాళం వాళ్ళ దగ్గరుంది, ఫోను ఎత్తట్లేదు"

ఫోన్ ఎత్తకపోవడం నిర్లక్ష్యం కాదు. తిరుమలలో క్యూలోకి వెళ్ళేముందే ఫోన్లు డిపాజిట్ చేయాలి, దర్శనం అయ్యేదాకా అవి చేతికి రావు. ఈ లోపల రెండో కుటుంబం శ్రీకాళహస్తి నుంచి రాహుకేతు పూజ చేసుకుని వచ్చి, చంటిబిడ్డతో మెట్ల మీద కూర్చుని ఉంటుంది.

అసలు కారణం ఇంకా వెనక ఉంది: రెండు కుటుంబాలకూ దర్శనం వేర్వేరు రోజుల్లో దొరికింది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. పేరూ ఆధారూ చూసే పంపుతారు కాబట్టి ఒకరి టికెట్టు మీద ఇంకొకరు పోలేరు. కనుక ముందు టికెట్లు, తర్వాత ఇల్లు. తేదీలు కలవకపోతే కలిసే రాత్రులకే కలిపి ఇల్లు తీసుకోండి. తాళంచెవులు మాత్రం దిగిన రోజే రెండు అడగాలి. ఓనరు ఒకటే ఇస్తే వాచ్‌మన్ దగ్గర పెట్టిపోవడమని అందరికీ చెప్పండి.

"సరుకులన్నీ మేమే తెచ్చాం"

ఉమ్మడి ఖర్చేదో, ఎవరి ఖర్చు వాళ్ళదేదో తేల్చకపోవడం వల్ల వచ్చేది ఇది. బియ్యం, పప్పు, నూనె, పాలు, కూరగాయలు, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు ఉమ్మడి, తలల లెక్కనే. హుండీ, అదనపు లడ్డూలు, షాపింగు, బిడ్డ పాలడబ్బా ఎవరివి వాళ్ళవి. కారు బాడుగ వెళ్ళినవాళ్ళకే. కాణిపాకం పోనివాళ్ళను దాని డబ్బు అడగొద్దు. ఇంటికొకరు చొప్పున ఖర్చు రాసి, ప్రతి రాత్రీ తేడా ఫోన్లో పంపేయాలి. ఊరికి పోయాక చూద్దామంటే ఆ బాకీ అడగడానికి మొహమాటం, ఇవ్వడానికి మరపు.

మాంసం, గుడ్డు సంగతి ఓనరును ముందే అడగండి. ఇంట్లో వండనివ్వని వాళ్ళు చాలామంది. ఒక కుటుంబం వ్రతంలో ఉంటే వాళ్ళ గిన్నెలు వేరే తెచ్చుకోవాలి. "అక్కా, ఉల్లిపాయ వేయొచ్చా?" అని మొదటి పూటే అడిగితే సరి.

"కరెంటుకు వేరే కట్టమన్నారు, వాళ్ళ ఏసీ పగలంతా ఆడింది"

దిగగానే మీటరు ఫొటో తీయండి. పాత ఒకటిన్నర టన్నుల ఏసీ ఆగకుండా ఆడితే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు. ఏసీ గదులవాళ్ళే ఆ గంటలు రాసుకుని కట్టాలి. మిగతాది తలలకు.

"వాళ్ళు రామన్నారు, అడ్వాన్సు పోయింది"

గుడి ప్రయాణాల్లో ఇది ఎప్పుడైనా రావచ్చు. ఉన్నట్టుండి మైల వస్తే ఆ కుటుంబం రావడానికి వీలుండదు. అది ఎవరి తప్పూ కాదు కనుక ఓనరు తిరిగివ్వని మొత్తాన్ని ఇద్దరూ సగం భరించడమే ధర్మం. సెలవు దొరకలేదనో, మనసు మారిందనో మానుకుంటే మానుకున్నవాళ్ళే భరించాలి. ఈ రెండు వాక్యాలూ అడ్వాన్సు పంపిన రోజే వాట్సాప్‌లో రాసి ఉంచండి.

"డిపాజిట్ కోశారు, ఎవరు చెడగొట్టారో తెలీదు"

సామాను దించకముందే రెండు కుటుంబాల నుంచి ఒక్కొక్కరు ఇల్లంతా తిరిగి వీడియో తీయాలి. కుళాయిలు, బాత్రూమ్ గడియలు, మిక్సీ జార్లు, పరుపుల మీద మరకలు. దుప్పట్లకు కుంకం, పసుపు అంటితే పోదు, కాబట్టి ప్రసాదం సంచీలు పరుపు మీద పెట్టొద్దు. గదిలో పోయినది ఆ గదివాళ్ళది, హాల్లో వంటింట్లో పోయినది ఉమ్మడి. పిల్లలు పగలగొడితే ఆ పిల్లల తల్లిదండ్రులే ముందుగా "మేం కడతాం" అనాలి, రెండోవాళ్ళు లెక్క తీసేదాకా ఆగకూడదు.