థర్మోస్టాట్ సెన్సర్ ఎక్కడ పెట్టాలి: మా కోడిపిల్లల షెడ్డులో నా అనుభవం

సంక్రాంతికి ముందు మా తణుకు వైపు తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది. ఆ చలిలోనే పిల్లల్ని దించాం. థర్మోస్టాట్ 35 డిగ్రీలు చూపించి బ్రూడర్‌ని, అంటే పిల్లలకి వెచ్చదనమిచ్చే హీటరుని, ఆపేస్తోంది. కింద చూస్తే పిల్లలన్నీ హీటరు కిందకి చేరి, ఒకదాని మీదొకటి ఎక్కి కీచుకీచుమంటున్నాయి. అలా గుట్టపడితే అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. ఆ భయం పెంచేవాళ్లకే తెలుసు.

పరికరంలో లోపమేమీ లేదు. బిగించినతను సెన్సర్‌ని స్తంభానికి మనిషి ఎత్తులో కట్టి వెళ్లాడు. వేడిగాలి పైకి పోతుంది కదా, అది పైనున్న వేడినే చూసుకునేది. ఊక దగ్గర వేరే థర్మామీటరు పెడితే 29 చూపించింది.

సెన్సర్‌ని పిల్ల వీపు ఎత్తుకి, అంటే ఊకకి రెండంగుళాల పైకి దించాను. సరిగ్గా హీటరు కింద కాదు, దాని అంచు దగ్గర. నడిమధ్యన పెడితే నేరుగా తగిలే సెగకే కట్ అయిపోతుంది. పరదా పక్కన పెడితే సందులోంచి కొట్టే చలిగాలికి హీటరు ఆగనే ఆగదు. పిల్లలు వైరుని పొడవకుండా పీవీసీ గొట్టంలోంచి లాగాను.

ఇప్పుడు గార్డు, అంటే పిల్లల చుట్టూ కట్టిన కంచె, లోపలంతా సమంగా పరుచుకుని మేత తింటున్నాయి. అంచులకి జరిగి, రెక్కలు వాల్చి నోళ్లు తెరిస్తే మాత్రం వేడెక్కువైనట్టే. మొదటి వారం తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించండి. పిల్లలు ఎదిగేకొద్దీ సెన్సర్‌ని కూడా కాస్త కాస్త పైకి కట్టుకోవాలి.