మా లాబ్రడార్ కుంటు: లోపం తుంటిలో కాదు, మోకాలిలో

మా ఆరేళ్ల లాబ్రడార్ వెనుక ఎడమకాలిని నేలకు పూర్తిగా ఆనించకుండా కుంటుతుంటే, మొదట చూపించిన క్లినిక్‌లో తుంటి ఎక్స్‌రే తీసి, కీలు అరిగిందని నొప్పి మాత్రలు రాశారు. మాత్రలు ఆపగానే కుంటు మళ్లీ వచ్చేది. ఈ జాతిలో తుంటి లోపం మామూలే. అయితే ఎక్స్‌రేలో కనబడిన లోపమే కుంటుకు కారణం కావాలని లేదు.

పశువైద్య కళాశాలలోని శస్త్రచికిత్స నిపుణులు కుక్కను ముట్టుకోకముందే దాని నడకను, కూర్చునే తీరును గమనించారు. అది ఎడమకాలిని మడవకుండా పక్కకు చాపి కూర్చుంటోంది. మోకాలిని అనుమానించడానికి అదే ఆధారమైంది. తరువాత మత్తు ఇచ్చి, తొడ ఎముకను ఒక చేత్తో కదలకుండా పట్టుకొని, రెండో చేత్తో మోకాలి కింది ఎముకను ముందుకు నెట్టగా అది బల్ల సొరుగులా జారింది. మెలకువగా ఉన్న కుక్క కండరాలు బిగిస్తుంది కనుక ఈ జారుడు తెలియకపోవచ్చు. మోకాలి లోపల పై, కింది ఎముకలను జారకుండా పట్టి ఉంచే పట్టీ, అంటే క్రూషియేట్ లిగమెంట్, తెగిందని అలా తేలింది. సాధారణ ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు, కీలులో చేరిన నీటి జాడ వంటి పరోక్ష గుర్తులే తెలుస్తాయి.

ఎముకను కోసి, తిప్పి, ప్లేటు బిగించే టీపీఎల్ఓ శస్త్రచికిత్స తరువాత కుంటు పోయింది. రెండో మోకాలికీ ఇదే ముప్పు ఉన్నందున బరువు తగ్గించమన్నారు. మా అమ్మగారు పెట్టే పెరుగన్నం మాన్పించడమే ఇప్పటి కష్టం.