రెండు యుద్ధాల నడిమి లండన్ శివార్ల ఆరోగ్య నివేదికలను చదవడం ఎలా

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918కీ, రెండవది మొదలైన 1939కీ మధ్య లండన్ చుట్టూ ఉన్న పొలాలూ పల్లెలూ ఇళ్ల వరుసలుగా మారిపోయాయి. ఎసెక్స్ కౌంటీలోని డాగెన్‌హామ్‌లో 1921 జనాభా లెక్కల నాటికి సుమారు 9 వేల మంది ఉంటే, లండన్ కౌంటీ కౌన్సిల్ అక్కడ బీకంట్రీ ఎస్టేట్ అనే ఇళ్ల కాలనీ కట్టడంతో 1931 నాటికి ఆ సంఖ్య 89 వేలకు చేరింది. ఇంత వేగంగా జనం వచ్చి చేరిన చోట మురుగు ఎక్కడికి పోయింది, మంచినీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, పసిపిల్లలు ఎందరు బతికారు అనే ప్రశ్నలకు జవాబు వెతికేవారికి మొట్టమొదటి ఆధారం ఆయా స్థానిక సంస్థల ఆరోగ్యాధికారి, అంటే మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్, ఏటా కౌన్సిల్‌కు సమర్పించిన నివేదిక. లండన్ ప్రాంతానికి చెందిన ఇలాంటి నివేదికలను, 1848 నుంచి 1972 వరకు సుమారు 5,500 వరకు, లండన్‌లోని వెల్‌కమ్ గ్రంథాలయం స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంచింది కాబట్టి హైదరాబాదులో కూర్చుని కూడా వీటిని చదువుకోవచ్చు. దొరకడం తేలికే గాని సరిగా చదవడం కష్టం. పట్టికలోంచి ఒక అంకె తీసుకుని వెళ్లిపోయే పాఠకుడు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

అన్నిటికంటే ముందు చూడవలసింది ఆ శివారు ఏ రకమైన స్థానిక సంస్థ అన్నది. క్రాయిడన్ కౌంటీ బరో, అంటే కౌంటీ అధికారాలన్నీ తన చేతిలోనే ఉన్న పట్టణం. డాగెన్‌హామ్ 1926లో అర్బన్ డిస్ట్రిక్ట్ (కౌంటీ కింద పనిచేసే పట్టణ స్థాయి స్థానిక సంస్థ), 1938లో మునిసిపల్ బరో (కౌంటీ కిందే ఉన్నా హోదా పెరిగిన పట్టణం) అయింది. హారో 1934 నుంచి ఒక పెద్ద అర్బన్ డిస్ట్రిక్ట్. అర్బన్ డిస్ట్రిక్ట్ చేతిలో మురుగు, చెత్త, ఇళ్ల తనిఖీ, అంటువ్యాధుల నివారణ ఉండేవి. క్షయ చికిత్స, శానిటోరియాలు (క్షయ రోగుల ఆసుపత్రులు) మాత్రం కౌంటీ కౌన్సిల్ బాధ్యత. పేదల చట్టం కింద నడిచిన ఆసుపత్రులు కూడా 1929 స్థానిక ప్రభుత్వ చట్టం అమలులోకి వచ్చిన 1930 ఏప్రిల్ నుంచి కౌంటీలకూ కౌంటీ బరోలకూ దఖలు పడ్డాయి. బడి పిల్లల వైద్య పరీక్షల వివరాలు మరో నివేదికలో, బడుల పాలన చూసే స్థానిక సంస్థకు జవాబుదారీ అయిన స్కూల్ మెడికల్ ఆఫీసర్ పేరు మీద ఉంటాయి. చాలా చోట్ల ఆ ఇద్దరూ ఒకే మనిషి. అందువల్ల ఒక శివారు నివేదికలో క్షయ గురించి రెండు పంక్తులే ఉంటే ఆ ఊళ్లో క్షయ తక్కువని కాదు, ఆ పని మిడిల్‌సెక్స్ లేదా ఎసెక్స్ కౌంటీ నివేదికలో ఉందని అర్థం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకోనిదే బొమ్మ పూర్తి కాదు.

సరిహద్దుల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. 1934లో హారో ఆన్ ది హిల్, వీల్డ్‌స్టోన్, హెండన్ రూరల్ డిస్ట్రిక్ట్‌లు కలిసి హారో అయ్యాయి. అదే ఏడు కింగ్స్‌బరీ వెంబ్లీలో కలిసింది. 1933 పట్టికకు 1934 పట్టికను నేరుగా జోడించి గ్రాఫు గీస్తే, అది ఆరోగ్యంలో వచ్చిన మార్పును కాక మ్యాపులో వచ్చిన మార్పును చూపిస్తుంది.

ఏ ఏటి నివేదికతో మొదలుపెట్టాలి? 1925, 1930 నివేదికలతో మొదలుపెట్టమని నా సలహా. 1919లో ఏర్పడిన ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆ సంవత్సరాలకు మామూలు నివేదిక కాకుండా, గడిచిన అయిదేళ్ల పరిస్థితిని సమగ్రంగా సమీక్షించే సర్వే నివేదిక కోరింది. మిగతా ఏళ్లలో 'మార్పు లేదు' అని తేల్చేసిన విషయాలు ఈ సర్వేలలో వివరంగా దొరుకుతాయి. 1930ల నివేదికలన్నీ ఇంచుమించు ఒకే వరుసలో నడుస్తాయి: జనాభా గణాంకాలు, సామాజిక పరిస్థితి, ఆరోగ్య సేవలు, పారిశుద్ధ్య స్థితి, ఇళ్లు, ఆహార తనిఖీ, అంటువ్యాధులు. ఈ క్రమం మంత్రిత్వ శాఖ సూచించినది కాబట్టి ఒక ఊరి నివేదిక పట్టుబడితే పక్క ఊరిది చదవడం సులువవుతుంది. రాసినవారి ఉద్యోగ స్థితిని కూడా గమనించాలి: చిన్న డిస్ట్రిక్ట్‌లలో ఆరోగ్యాధికారి తరచుగా సొంత ప్రాక్టీసు నడుపుకుంటూ కొన్ని గంటలు మాత్రమే ఈ పని చూసే స్థానిక డాక్టరు. తన రోగులలో కౌన్సిల్ సభ్యులు, ఇళ్ల యజమానులు ఉన్న డాక్టరు వారి ఇళ్ల మురుగు గురించి ఎంత గట్టిగా రాస్తారో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇక అంకెలు. ప్రతి రేటుకూ కింద ఒక హారం ఉంటుంది, ఆ హారమే శివార్లలో బలహీనమైనది. జనాభా లెక్కలు 1921లోనూ 1931లోనూ జరిగాయి, 1941లో జరగలేదు. మధ్య సంవత్సరాలకు రిజిస్ట్రార్ జనరల్, అంటే జనన మరణాల నమోదు చూసే ప్రభుత్వాధికారి, ఇచ్చిన అంచనాయే ఆధారం. వీధులు నెలనెలా పెరుగుతున్న చోట ఆ అంచనా వెనకబడే అవకాశం ఎక్కువ కనుక, అధికారి తన సొంత అంచనా కూడా ఇచ్చారేమో, రేటును దేనితో లెక్కించారో చూసుకోవాలి. మరణాల రేటు విషయంలో ఇంకో చిక్కుంది. 1930లలో ఇంగ్లండ్, వేల్స్ మొత్తం మీద వెయ్యికి సుమారు 12 మరణాలుంటే, కొత్త శివార్లు తమ రేటు అంతకంటే చాలా తక్కువని గర్వంగా ప్రకటించుకున్నాయి. కొత్తగా పెళ్లయిన జంటలూ చిన్న పిల్లలూ నిండిన ఊళ్లో ముసలివాళ్లే తక్కువైనప్పుడు మరణాలు తక్కువగా ఉండడంలో డ్రైనేజి గొప్పతనం ఏముంది? వయసుల తేడాను సరిచేసిన రేటు పట్టికలో ఉంటే దాన్నే వాడాలి, లేకపోతే ఆ పోలికను పక్కన పెట్టాలి. ఊరి బయట ఆసుపత్రిలో చనిపోయిన నివాసులను తిరిగి ఆ ఊరి లెక్కలో కలిపారా లేదా అన్నది కూడా పట్టిక కింది చిన్న అక్షరాలలో కనిపిస్తుంది.

శిశు మరణాల రేటు ఇంతకంటే నమ్మదగినది, ఎందుకంటే దాని హారం అంచనా కాదు, నమోదైన జననాలు. దేశం మొత్తం మీద అది 1900లో వెయ్యి జననాలకు 154 నుంచి 1939లో 51కి తగ్గింది. అయితే ఏడాదికి 400 జననాలున్న చిన్న ఊళ్లో 20 మంది శిశువులు మరణిస్తే రేటు 50. మరుసటి ఏడు మరో ఆరుగురు అదనంగా మరణిస్తే 65. ఒక్క ఏటి పెరుగుదలను చూసి కథ అల్లకుండా అయిదేళ్ల సగటు తీసుకోవాలి. మృతశిశువుల, అంటే ప్రాణం లేకుండా పుట్టిన శిశువుల, నమోదు 1927 జులై నుంచే తప్పనిసరి అయింది కాబట్టి అంతకు ముందరి అంకెలను దానితో పోల్చరాదు. బాలింత మరణాలు 1930ల నడుమ దాకా తగ్గనే లేదు. ప్రసవానంతర జ్వరానికి సల్ఫా మందులు (బాక్టీరియాను అణచే మందులు) వచ్చిన తరువాతే, 1936 నుంచి, ఆ గీత కిందికి దిగింది. ఆ మార్పును స్థానిక ప్రసూతి కేంద్రం ఘనతగా రాసుకున్న నివేదిక కనబడితే కాస్త అనుమానంతో చదవండి.

అంటువ్యాధుల పట్టికలో ఉండేవి రోగాలు కావు, డాక్టర్లు కబురు చేసిన రోగాలు. డిఫ్తీరియా, స్కార్లెట్ ఫీవర్, టైఫాయిడ్ వంటివి తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి. తట్టు మాత్రం యుద్ధకాలంలో కొన్నేళ్లు జాబితాలో ఉండి, 1919 తరువాత తొలగించబడి, 1940లో మళ్లీ దేశమంతటా చేరింది. అందువల్ల ఆ నడిమి పట్టికలలో తట్టు గడి ఖాళీగా ఉండడం సహజం. డిఫ్తీరియా టీకా గురించిన పేరాను వదలవద్దు. దేశవ్యాప్త కార్యక్రమం 1940లో గాని మొదలు కాలేదు కనుక, అంతకు ముందే పిల్లలకు ఉచితంగా టీకా వేయించిన కౌన్సిల్ తన సొంత డబ్బుతో, తన సొంత నిర్ణయంతో ఆ పని చేసిందన్నమాట. దేశంలో ఏటా సుమారు 3 వేల మంది, ఎక్కువగా పిల్లలు, ఆ రోగంతో పోతున్న కాలమది.

పారిశుద్ధ్య భాగమే నా దృష్టిలో నివేదికకు గుండెకాయ, చాలామంది దాటవేసేదీ అదే. అందులో నాలుగు విషయాలు వెతకాలి. ఎన్ని ఇళ్లకు నీటి మరుగుదొడ్డి ఉంది, ఎన్నిటికి ఇంకా డబ్బా దొడ్డి లేదా మట్టి దొడ్డి ఉంది? కొత్త ఎస్టేట్ పక్కనే పాత పల్లె ఇళ్లు ఉన్న చోట ఈ రెండు అంకెలూ ఒకే పేజీలో కనిపిస్తాయి. మురుగు పైపులకు పోతోందా, ఇంటి వెనక మురుగు గుంటలోకా? పైపులకు పోతే, ఆ పైపు చివర ఏముంది? 1920లలో పశ్చిమ మిడిల్‌సెక్స్‌లో ఒక్కో ఊరికి ఒక్కో చిన్న మురుగు శుద్ధి కేంద్రం ఉండేది, జనం పెరిగేకొద్దీ అవి చాలక వాగులు కంపు కొట్టేవి. ఐల్‌వర్త్ దగ్గర మాగ్డెన్‌లో కౌంటీ కౌన్సిల్ పెద్ద కేంద్రం నిర్మించి 1936లో ప్రారంభించాక ఇరవైకి పైగా చిన్న కేంద్రాలు మూతపడ్డాయి. కాబట్టి ఆ ప్రాంతపు 1935, 1937 నివేదికలను జంటగా చదివితే తేడా స్పష్టమవుతుంది. మూడవది చెత్త: కాల్చారా, గుంతల్లో పోసి మట్టి కప్పారా, ఊరికే పోశారా? ఎలుకల గురించీ ఈగల గురించీ వచ్చిన ఫిర్యాదులు సాధారణంగా ఈ పేరా దగ్గరే ఉంటాయి. నాలుగవది శానిటరీ ఇన్‌స్పెక్టర్ పట్టిక. అందులో మామూలు నోటీసులు, చట్టబద్ధమైన నోటీసులు, కోర్టు కేసులు వేర్వేరు గడుల్లో ఉంటాయి. చట్టబద్ధమైన నోటీసులు తక్కువగా ఉన్నంత మాత్రాన ఇళ్లు బాగున్నాయని అనుకోరాదు. మొదటి ఉత్తరానికే యజమాని మరమ్మతు చేయించి ఉండవచ్చు, లేదా కౌన్సిల్‌కే గట్టిగా అడగడం ఇష్టం లేకపోయి ఉండవచ్చు. 'న్యూసెన్స్' అనే మాట ఇక్కడ చట్టపు అర్థంలో, అంటే ఆరోగ్యానికి హాని కలిగించే స్థితి అనే అర్థంలో వస్తుంది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం ద్వారా అదే మాట కోస్తా, రాయలసీమ జిల్లాల మునిసిపాలిటీలకూ పరిచయమే.

ఇళ్ల భాగంలో 1935 గృహనిర్మాణ చట్టం తరువాతి ఇరుకు లెక్క ముఖ్యం. ఇంతకు మించి మనుషులుంటేనే ఆ ఇల్లు ఇరుకు: ఒక గదికి ఇద్దరు, రెండు గదులకు ముగ్గురు, మూడింటికి అయిదుగురు, నాలుగింటికి ఏడున్నర, అయిదింటికి పది మంది. పదేళ్లలోపు పిల్లవాడు అర మనిషి, ఏడాది నిండని శిశువు లెక్కలోకే రాడు. కూర్చునే గది కూడా పడక గదిగానే లెక్క. ఇంత ఉదారమైన కొలతతో కొలిచి 'మా ఊళ్లో ఇరుకు దాదాపు లేదు' అని రాసిన వాక్యం విలువ ఎంతో పాఠకులే తేల్చుకోవాలి. కొత్త ఇల్లు దానంతటదే ఆరోగ్యం ఇవ్వదని చూపిన అధికారి కూడా ఆ కాలంలోనే ఉన్నారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని స్టాక్టన్ ఆన్ టీస్‌కు చెందిన జార్జ్ మెక్‌గొనిగల్, 1927లో మురికివాడ నుంచి కొత్త ఎస్టేట్‌కు తరలించిన కుటుంబాలలో మరణాల రేటు వెయ్యికి 22.78 నుంచి 33.55కి పెరిగిందని లెక్కతో చూపించారు. అద్దె పెరిగి తిండికి డబ్బు తగ్గడమే కారణమని ఆయన తేల్చారు. కాబట్టి మీరు చదివే శివారులో అద్దె ఎంతో, అది ఎవరి జీతంలో ఎంత భాగమో కూడా నివేదిక చెబితే రాసిపెట్టుకోండి.

పాల తనిఖీ పట్టికలో ఒక్క హెచ్చరిక చాలు: 1936కు ముందు 'గ్రేడ్ ఏ' అంటే పాశ్చరైజ్ చేసిన పాలు కావు, పచ్చి పాలే.

చివరిగా, నివేదికను దాని బయటి సాక్ష్యంతో సరిచూడాలి. క్రాయిడన్ ఇందుకు మంచి ఉదాహరణ. 1937 చివరలో అక్కడ 341 మందికి టైఫాయిడ్ సోకి 43 మంది చనిపోయారు. ఆడింగ్టన్ బావిలో మరమ్మతులు జరుగుతుండగా, ఆ పనివాళ్లలో ఒకరు తనకు తెలియకుండానే టైఫాయిడ్ క్రిములు మోస్తున్నవారు. అదే సమయంలో ఆ నీటికి వడపోతా క్లోరినేషనూ ఆపివేసి, ఊరికి సరఫరా మాత్రం కొనసాగించారు. బాధ్యత గల అధికారుల మధ్య సమాచారం సాగలేదని తరువాతి బహిరంగ విచారణ తేల్చింది. ముందుగా 1936 నివేదికలో నీటి సరఫరా పేరా చదవండి, తరువాత విచారణ నివేదిక, ఆపైన 1937, 1938 నివేదికలు. క్రాయిడన్‌లోనే కాదు, ఏ శివారులోనైనా ఇదే పద్ధతి: నివేదికలో 'సంతృప్తికరం' అని ఉన్న ప్రతి వాక్యానికీ తేదీ రాసుకుని, ఆ నెల కౌన్సిల్ మినిట్స్ (సమావేశాల రికార్డు)లోనూ స్థానిక వారపత్రికలోనూ అదే విషయం వెతకాలి. మినిట్స్ చాలావరకు ఆయా బరోల ఆర్కైవ్స్‌లో కాగితం మీదే ఉన్నాయి కాబట్టి, తేదీ, కమిటీ పేరు రాసి ఈమెయిల్ పంపితే వెతకడం సిబ్బందికి తేలికవుతుంది.